ఇంటి గుర్తు

చచ్చిపోయిన బాలకృష్ణన్ తిరిగొచ్చాడని తెలిసి పాత వాషర్‌మెన్‌పేట్‌లో ఆ వీధి వీధంతా టీ అంగడి ముందుకి పరుగెత్తింది. పూలమ్మే ఆవిడ బుట్ట వదిలేసి వెళ్ళింది. ఆటో స్టాండు వాళ్ళు ఆటోలు వదిలేసి వెళ్ళారు. కాళ్ళనొప్పులని ఏడాదిగా మెట్లు దిగని మేడమీది అవ్వ కూడా ఎవరి చెయ్యో పట్టుకుని దిగింది. వెళ్ళనిది ఒక్క రంజనే. వేపచెట్టు కింద ఇస్త్రీ బండి దగ్గర నిలబడి, ఎవరిదో తెల్లచొక్కా మీద బొగ్గుల పెట్టెని నొక్కి నొక్కి తోస్తూ ఉండిపోయింది.

పక్కింటి రాగిణి ఊపిరాడకుండా పరుగెత్తుకొచ్చింది. "ఏం మే, ఈడనే నిలబడుండావు! నీ మొగుడొచ్చినాడు మే! బతికే ఉండాడు!"

"బతికే ఉండాడని నేను చెప్పలా? ఏడేళ్ళ ముందే చెప్పలా?" అంది రంజని.

రంజని గాజులు పగలగొట్టిన నాడు చేతులు గట్టిగా పట్టుకున్న ఆడవాళ్ళలో రాగిణి కూడా ఉంది. మొహం తిప్పుకుని వచ్చిన దారినే వెళ్ళిపోయింది.

సంతోషం రావాలి కదా అని రంజని తన్ను తనే అడిగి చూసుకుంది. రాలేదు. ఒళ్ళు మండిపోవడం మాత్రం బాగా వచ్చింది.

ఏడేళ్ళ కిందట బాలకృష్ణన్ ఉతికిన బట్టల మూట ఇచ్చొస్తానని సైకిలెక్కి వెళ్ళాడు. మూట ఇచ్చాడు, సైకిలు రైల్వే స్టేషన్ దగ్గర పెట్టాడు, మనిషి మాత్రం ఇంటికి రాలేదు. కొన్నాళ్ళకి హార్బరు వైపు సముద్రంలో ఒక శవం తేలింది. పోలీసులు పిలిస్తే అత్తాకోడళ్ళిద్దరూ బంధువులతో వెళ్ళారు. నీళ్ళలో నానిపోయిన ఆ మొహం ఎవరూ గుర్తుపట్టేలా లేదు. అత్త కన్నియమ్మ ఆ మొహాన్ని చూడనే లేదు. చొక్కా కాలరు తిప్పి చూసింది. లోపల ఒక గీత, దాని కింద మూడు చుక్కలు. నల్లజీడి గింజలో సూది గుచ్చి, ఆ రసంతో తన చేత్తో పెట్టిన గుర్తు. అది బట్టలేసే ఏ గిరాకీదీ కాదు, సొంత ఇంటి గుర్తు. కన్నియమ్మ అక్కడే కూలబడింది.

ఉతికి బతికే ఇళ్ళలో గుర్తుకి ఎంత విలువో బయటివాళ్ళకి చెప్పినా సరిగ్గా అర్థం కాదు. ఎన్నో ఇళ్ళ బట్టలు ఒకే తొట్టిలో పడతాయి. ఎవరి చొక్కా ఎవరిదో చెప్పేది ఆ గీతలూ చుక్కలే. కన్నియమ్మ పెట్టిన గుర్తు ఏనాడూ తప్పలేదనీ, ఒకరి పంచె ఇంకొకరింటికి పోలేదనీ వీధిలో పేరు. అంతటి కన్నియమ్మ గుర్తు చూసి "నా బిడ్డే" అన్నాక పోలీసులూ సరే అన్నారు, బంధువులూ సరే అన్నారు. చొక్కా సంగతి తేలింది. చొక్కా లోపలి మనిషి ఎవరని ఎవరూ అడగలేదు.

అడిగింది రంజని ఒక్కతే. బాలకృష్ణన్ కుడి పాదం మీద ఇస్త్రీ పెట్టె జారిపడి కాలిన మచ్చ ఉంది, పెట్టె మూతిలాగే కోసుగా. పెళ్ళైన కొత్తలో ఆ పుండుకి మందు రాసింది తనే. శవం కాలి మీద అది లేదు. "అత్తా, ఇవి ఆయన కాళ్ళు కాదు" అని అక్కడే చెప్పింది. నీళ్ళలో నానితే మచ్చలు నిలుస్తాయా అన్నారొకరు. పాపం, దుఃఖంలో పిచ్చిగా మాట్లాడుతోంది అన్నారింకొకరు. కులపెద్ద కృష్ణస్వామి, వరసకి అందరికీ పెదమామ, "కన్నతల్లికి తెలీదా?" అని ఒక్కమాటతో తేల్చేశాడు. కన్నతల్లి చూసింది కాలరు, కట్టుకున్నది చూసింది కాలు. వాళ్ళకి కాలరే చాలింది.

పదో దినం పొద్దున రంజనిని పీట మీద కూర్చోబెట్టారు. "ఆయన చావలేదు, నన్నొదలండి" అని అరుస్తుంటే ఆడవాళ్ళు చేతులు పట్టి వంచారు. గాజుముక్క గుచ్చుకుని మణికట్టు దగ్గర రక్తం కారింది. తాళి తెంచి పాలగిన్నెలో వేసింది కన్నియమ్మే.

ఆ తర్వాత పెళ్ళిపట్టుచీరలు ఆ బండికి రావడం మానేశాయి. స్కూలు యూనిఫారాలకి, ఆఫీసు చొక్కాలకి, నైటీలకి రంజని చెయ్యి తగలొచ్చు; ముహూర్తానికి కట్టుకునే చీరకి తగలకూడదు. ఊరికి బయల్దేరినవాళ్ళు ఆమె ఎదురైతే వెనక్కి వెళ్ళి, మంచినీళ్ళు తాగి మళ్ళీ బయల్దేరేవాళ్ళు. తొండియార్‌పేటలో సొంత తమ్ముడి పెళ్ళి జరుగుతుంటే ఆమె వంటపాత్రల దగ్గర నిలబడింది. దొంగనైనా శిక్ష వేసే ముందు నువ్వేమంటావని అడుగుతారు. రంజనిని అదీ అడగలేదు. పుట్టింటికి వెళ్ళిపోదామని ఎన్నిసార్లు అనుకుందో లెక్కలేదు. పిల్లలు లేరు, ఆపేవాళ్ళు లేరు. కానీ ముసలావిడ ఒంటరిగా మూటలు మోస్తుంటే చూస్తూ పోలేకపోయింది. కోపం కోపంగానే ఉంది, బండి బండిగానే నడిచింది.

ఇప్పుడు ఆ మొగుడు టీ అంగడి బెంచీ మీద కూర్చుని ఉన్నాడు.

సాయంత్రం కృష్ణస్వామి ఇంటి అరుగు మీద పెద్దలు కూడారు. కర్మ జరిగిపోయిన మనిషి నేరుగా సొంత గడప తొక్కకూడదట. చావు అయిపోయింది కాబట్టి మళ్ళీ పుట్టాలట. శుక్రవారం పొద్దున తల్లి కొంగు కింద నుంచి పాకి బయటికి రావాలి. పసుపునీళ్ళు పొయ్యాలి, చేటలో కూర్చోబెట్టాలి, నాలుక మీద తేనె రాయాలి, చెవిలో పేరు చెప్పాలి. పాత చావూ పాత పాపమూ అన్నీ అంతటితో పోతాయి. వెంటనే అదే పందిట్లో పెళ్ళి.

"పిల్లకేం, సిద్ధంగానే ఉంది గదా" అన్నాడు కృష్ణస్వామి.

గుంపు వెనక నిలబడ్డ రంజని ఆ మాట వింది. మడతపెట్టి బండి మీద పెట్టిన బట్ట గురించి చెప్పినట్టు చెప్పాడు. ఆమె నిలబడ్డ చోటు వైపు ఒక్క తలకాయా తిరగలేదు.

మరునాడు పొద్దున్నే ఆమె ఆ అరుగు దగ్గరికి వెళ్ళింది. శుక్రవారం దాకా బాలకృష్ణన్‌కి అక్కడే బస. ఇడ్లీ తింటున్నాడు. కాస్త ఒళ్ళు చేశాడు, చెవుల దగ్గర నెరిసింది. ఆమెను చూసి ఎంగిలి చేత్తోనే లేచాడు.

"రంజనీ..."

"ఆ చొక్కా ఎవరికిచ్చినావు?"

ఏడేళ్ళుగా ఆమెను తినేసిన ప్రశ్న అది.

"రాయపురంలో ఒక రూములో ఉండినా కొన్ని దినాలు. ఆడ మీనుల బోటులో పనిచేసేవాడొకడు, వేసుకునేదానికి లేదంటే ఇచ్చేసినా. ఆమేల బెంగళూరు పోయినా. హోటల్ లాండ్రీలో పని."

"ఎందుకు పోయినావు?"

"తెలీదు మే. ఊపిరాడలా. లేస్తే బొగ్గు, పడుకుంటే బొగ్గు వాసన. యాడికన్నా పోదామనిపించె."

"నాకు ఆడిందా ఊపిరి? నేను పీల్చింది బొగ్గు కాదా?"

అతను తల దించుకున్నాడు. తల దించుకోవడం అతనికి మొదటినుంచీ బాగా వచ్చు. అడిగేవాళ్ళే అలిసిపోయి వెళ్ళిపోవాలి. రంజని కదల్లేదు.

"ఇప్పుడెందుకొచ్చినావు?"

"జొరమొచ్చి పడుకోనుంటే అమ్మ పెట్టే చారు గుర్తొచ్చె."

చారు! రంజనికి అరికాలి మంట నెత్తికెక్కింది. "ఈ ఏడేళ్ళలో ఒక ఫోన్ చెయ్యాలని గుర్తు రాలా?"

"చేసినా" అన్నాడు బాలకృష్ణన్ నేల చూస్తూనే. "టీ అంగడికి చేసినా. మనింటోళ్ళని పిలవమన్నా. నేనెవరో చెప్పకముందే ఆ అంగడాయన, 'బాలకృష్ణన్ ఇంటోళ్ళా, ఆ పిల్లోడు పోయినాడు పా, ఇయ్యాళ పదో దినం, అందరూ ఆడుండారు' అనె. పెట్టేసినా."

"ఎప్పుడు చేసినావు? కర్మ అయినాకనా?"

"పొద్దున్నే. ఇంకా ఎండ రాలా."

ఎండ రాలేదు. అంటే అప్పటికి తను పీట మీద కూర్చుని ఉంది. గాజులు ఇంకా చేతికే ఉన్నాయి. టీ అంగడి నుంచి కేకేస్తే ఇంటి ముందుకి వినబడుతుంది. "నేను బతికే ఉన్నాను" అని ఆ ఫోన్లో ఒక్కమాట అని ఉంటే, టీ అంగడాయన అక్కడినుంచే అరిచేవాడు, గాజుల మీదికి వచ్చిన చేతులు అక్కడే ఆగేవి. తన గొంతు చించుకున్నా ఆగని చేతులు ఈయన గొంతుకి ఆగేవి.

"ఎందుకు చెప్పలా?" అని అడిగింది.

"అందరూ ఏడ్చేసినారు గదా, మళ్ళా ఎందుకని... నేను లేకుంటే మీరు కొత్తగా బతకతారనుకున్నా."

"మేమా, నువ్వా?"

"తప్పే మే. మన్నించు" అన్నాడు.

"శుక్రవారం నీళ్ళు పోసి అన్నీ కడిగేస్తారంట గదా. ఇంక నా మన్నింపు ఎందుకు నీకు?" అని రంజని అక్కడినుంచి వచ్చేసింది.

ఇంట్లో కన్నియమ్మ కొత్త తాడుకి పసుపు పట్టిస్తోంది. ఒక్కరోజులో పదేళ్ళు తగ్గినట్టు ఉంది మొహం. రంజని ఆమె ఎదురుగా నేల మీద కూర్చుని, పదో దినం ఫోను సంగతి ఉన్నదున్నట్టు చెప్పింది. కన్నియమ్మ చేతులు ఆగిపోయాయి. పసుపు వేళ్ళ మీదే ఎండిపోతున్నా కడుక్కోలేదు.

"ఆ దినం నువ్వు కాలు కాలు అన్నావు" అంది చివరికి.

"అన్నా."

"నేను కాలరు చూసినా. నా చెయ్యి పెట్టిన గుర్తు తప్పదని అంత పొగరు నాకు. గుర్తు తప్పలా మే. నేనే తప్పినా. నీ మెడ మీద చెయ్యేసింది కూడా నేనే." ముసలావిడ కోడలి పాదాల వైపు చూసింది. "పెద్దదాన్ని, కాళ్ళు పట్టుకుంటే నీకు మంచిది గాదు. లేకుంటే పట్టుకుందును."

రంజనికి అప్పుడు ఏడుపొచ్చింది. ఏడేళ్ళలో "నువ్వు చెప్పావు" అని ఒప్పుకున్న మనిషి ఈమె ఒక్కతే. ఈ ఒక్కమాట కోసం ఇన్నాళ్ళు ఈ ఇంట్లో కాచుకుని ఉన్నానా అనిపించింది. అత్త మీద దాచుకున్న కోపం కోసం వెతుక్కుంటే అది ఎక్కడా చేతికి దొరకలేదు.

"లేయ్ అత్తా, కూడు తిందాం. ఒక్కటి మాత్రం అడగతా. శుక్రవారం నేనేం మాట్లాడినా అడ్డం రావద్దు" అంది.

శుక్రవారం పుట్టుక ఘనంగానే జరిగింది. నలభై దాటిన మగాడు తల్లి కొంగు కింద నుంచి మోకాళ్ళ మీద పాక్కుంటూ బయటికొచ్చాడు. ఆడవాళ్ళు మగబిడ్డ, మగబిడ్డ అని అరిచారు. బిందెలతో పసుపునీళ్ళు పోశారు. ఒక చేట చాలక రెండు చేటలు కలిపి కూర్చోబెట్టారు. కృష్ణస్వామి నాలుక మీద తేనె రాసి, చెవిలో పేరు చెప్పాడు. ఫోన్లు పైకెత్తి అందరూ వీడియోలు తీసుకున్నారు. నవ్వులే నవ్వులు. వెళ్ళిపోయినవాడికి తేనె, ఉండిపోయినదానికి గాజుముక్కలు అనుకుంటూ రంజని గడపలో నిలబడి చూసింది.

"పిల్లని పిలవండి మా, ముహూర్తం దాటిపోతా ఉంది" అన్నాడు కృష్ణస్వామి.

రంజని వచ్చింది. బండి దగ్గర కట్టుకునే నూలుచీరలోనే వచ్చింది.

"పెదమామా, ఒక మాట. ఈ బిడ్డ ఎప్పుడు పుట్టె?"

"ఇప్పుడే గదా మా. నువ్వూ చూసినావు గదా."

"పాత చావు పోయిందా?"

"పోయింది."

"పాత పాపం?"

"అంతా పోయింది మా. ఇంక కొత్త బతుకే."

"పాత పెళ్ళి?"

కృష్ణస్వామి పసుపుతాడు వైపు చూశాడు.

"అది ఉందంటే మళ్ళా తాళి కట్టే పని లేదు. పోయిందంటే ఈయనకీ నాకూ ఏమీ లేదు. ఇప్పుడే పుట్టిన బిడ్డకి పెళ్ళాం ఎక్కడినుంచి వచ్చె?"

"ఏంది మా ఇది, మంచి దినం పూట పిచ్చి మాటలు!"

"ఆ దినమూ పిచ్చి అనే అన్నారు." రంజని చేటల వైపు తిరిగింది. "ఏమయ్యా, కుడి కాలు చాపు."

బాలకృష్ణన్ తడి బట్టల్లో వణుకుతూ కాలు చాపాడు. పసుపునీళ్ళ కింద మచ్చ అలాగే ఉంది, పెట్టె మూతిలాగే కోసుగా.

"చూడండి. పెదమామా, వంగి చూడు. రాగిణీ, నువ్వూ రా, దగ్గరకొచ్చి చూడు. ఇదే లేదని చెప్పినా నేను. అరిచి చెప్పినా. చంపేటప్పుడు నన్నడగలా. పుట్టించేటప్పుడు నన్నడగలా. ఇప్పుడు నా మెడలో తాడు కట్టేదానికి కూడా నన్నడగలా!"

ఎత్తిన ఫోన్లు ఒక్కొక్కటే దిగాయి. రాగిణి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. కృష్ణస్వామి నిజంగానే వంగి ఆ పాదాన్ని చూశాడు. లేచి ఎవరి మొహమూ చూడలేకపోయాడు.

"ఇంకొకటి. ఫోన్ సంగతి నువ్వే చెప్పు వీళ్ళకి" అంది బాలకృష్ణన్‌తో.

అతను చెప్పాడు. తల దించుకోబోయి, ఆమె చూస్తూ ఉండటంతో ఎత్తి చెప్పాడు. పదో దినం పొద్దున ఫోన్ చేశానని, బతికున్నానని చెప్పకుండా పెట్టేశానని చెప్పాడు. చెప్తూ చెప్తూ ఏడ్చాడు. ఎవరూ ఓదార్చలేదు.

"సరే మా, తప్పయిపోయింది మా అందరిదీ. ఇప్పుడేం చెయ్యమంటావో నువ్వే చెప్పు" అన్నాడు కృష్ణస్వామి మెల్లగా.

"ఇది అడిగేదానికి మీకు ఏడేళ్ళు పట్టె. పిల్ల కావాలంటే పిల్లని అడగతారు గదా పెదమామా, మన ఇళ్ళలో? ఈయన్ని అడగమనండి."

బాలకృష్ణన్ లేచాడు. చేటలు చెరొక పక్కకీ జారాయి. ఒంటి నిండా పసుపుతో, వీధి మొత్తం చూస్తుండగా చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"రంజనీ, నన్ను కట్టుకుంటావా?"

రంజని అతన్ని తల నుంచి కాలి దాకా చూసింది, పెళ్ళిచూపులకొచ్చిన మగపెళ్ళివాళ్ళు ఒకప్పుడు తనని చూసినట్టే, తొందరేమీ లేకుండా.

"విన్నాం. మా వాళ్ళతో మాట్లాడి కబురు పంపిస్తాం" అంది.

"మీ వాళ్ళంటే ఎవరు మా?" అన్నాడు కృష్ణస్వామి అయోమయంగా.

కన్నియమ్మ లేచింది. నూరిన పసుపు అంటిన చీరతోనే నడిచొచ్చి కోడలి పక్కన నిలబడింది.

"నేను. పిల్ల తరపు నేను."

సోమవారం పొద్దున బాలకృష్ణన్ వేపచెట్టు దగ్గరికి వచ్చాడు. చేతిలో బెంగళూరు నుంచి తెచ్చుకున్న బట్టల మూట ఉంది. పని కావాలన్నాడు. రంజని బొగ్గుల గోతాం చూపించింది. మూట విప్పి చూసి, మురికి చొక్కాలన్నీ అత్త ముందు వేసింది. కన్నియమ్మ అలవాటుగా జీడిగింజలో సూది గుచ్చి, మొదటి చొక్కా కాలరు తిప్పి, ఆగింది.

"ఏ గుర్తు పెట్టేది మే?"

బాలకృష్ణన్ బొగ్గు చేతుల్తో అలాగే నిలబడిపోయాడు. రంజని మాత్రం చేతిలో ఉన్న మడత పూర్తి చేసి, పక్కన పెట్టి, అప్పుడు చెప్పింది.

"ఇంటిది వద్దత్తా. గిరాకీ గుర్తు పెట్టు, కొత్తది."

కన్నియమ్మ ఒక గీత గీసింది. దాని కింద ఒక్క చుక్క పెట్టి సూది ఎత్తింది. బాలకృష్ణన్ వంగి కాలరు చూశాడు. కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"మిగతా రెండు చుక్కలు..." అన్నాడు.

"చోటుంది. జీడిగుర్తు పెడితే మళ్ళా పోదు, తొందరపడితే ఏమవతాదో ఒకసారి చూసినాం గదా" అంది రంజని. "ముందు బొగ్గు రాజెయ్. ఆఫీసు చొక్కాలు చాలా ఉండాయి."

అతను గోతాం దగ్గర కూర్చుని విసనకర్ర అందుకున్నాడు. పొగ లేచి అతని మొహం మీదికే వచ్చింది. దగ్గుతూనే విసిరాడు.